శిబిరంలో పుట్టిన పిల్లవాడికి దారి వేసిందెవరు?

ఈ నెల క్రీడా శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో నాలుగు ఒకే ఆటగాడిని గురించినవి. కెనడా జాతీయ జట్టుకూ, జర్మనీలోని బయెర్న్ మ్యూనిక్ క్లబ్బుకూ ఆడే అల్ఫాన్సో డేవిస్ గురించి ఇంతమంది తెలుగు పాఠకులు ఆలోచిస్తున్నారని చూసి సంతోషం కలిగింది. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ నాలుగు ప్రశ్నలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. శరణార్థి శిబిరంలో పుట్టిన డేవిస్ యూరప్ విజేత అయ్యాడనీ, ప్రతిభ ఉంటే ఎక్కడ పుట్టినా పైకి రావచ్చుననీ పిల్లలకు తరచూ చెబుతుంటాను. మొన్న తొమ్మిదో తరగతి అమ్మాయి లేచి, "అయితే ఆ శిబిరంలో మిగతా పిల్లలకు ఎవరికీ ప్రతిభ లేదా సార్?" అని అడిగింది. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఏమని చెప్పమంటారు?
– ఒక ఉపాధ్యాయుడు, ఖమ్మం జిల్లా

జవాబు: మాస్టారూ, ముందుగా ఆ అమ్మాయికి నా అభినందనలు చెప్పండి. డేవిస్ గురించి పుంఖానుపుంఖాలుగా వస్తున్న రాతలలో చాలావరకు దాటవేసే ప్రశ్ననే ఆమె అడిగింది. ఆ శిబిరంలో ప్రతిభ ఉన్న పిల్లలు ఇంకా ఉండే ఉంటారు. వారికి లేనిది దారి. డేవిస్‌కు ఆ దారి ఒక్కో అడుగుగా ఎలా పడిందో వివరంగా చెబుతాను. మీ తరగతిలో చెప్పడానికి అది పనికివస్తుందని నా నమ్మకం.

డేవిస్ 2000 నవంబర్ 2న ఘనాలోని బుడుబురం శిబిరంలో పుట్టాడు. ఘనా రాజధాని ఆక్రాకు పడమరగా ఉన్న ఈ శిబిరం 1990లో, లైబీరియా అంతర్యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవారి కోసం ఏర్పడింది. అతడి తల్లిదండ్రులు దెబయా, విక్టోరియా లైబీరియా రాజధాని మోన్రోవియాకు చెందినవారు. 1999లో మొదలైన రెండవ అంతర్యుద్ధం వారిని ఇల్లు విడిచి వెళ్ళేలా చేసింది. ఆ రోజులలో అక్కడ బతికి బయటపడాలంటే తుపాకీ పట్టవలసి వచ్చేదనీ, తమకు అది ఇష్టం లేకపోయిందనీ తండ్రి తరువాత చెప్పుకున్నారు. శిబిరంలో తిండికీ నీళ్ళకూ కటకటే. మూడో దేశంలో స్థిరపడే అవకాశం ఉందని తెలిసినప్పుడు వారు ఫారాలు నింపి, ఇంటర్వ్యూలకు హాజరై, ఎదురుచూశారు. కొడుకుకు ఐదేళ్ళ వయసులో కెనడా ఆ కుటుంబాన్ని రానిచ్చింది.

మీ విద్యార్థిని ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. ప్రపంచంలోని శరణార్థులలో ఏ సంవత్సరమైనా ఇలా మూడో దేశంలో స్థిరపడే అవకాశం దక్కేది ఒక శాతం లోపు మందికే. అంటే డేవిస్ బంతిని సరిగా తన్నడం నేర్వకముందే, అతడి ప్రతిభతో ఏ సంబంధమూ లేకుండా, అతడి జీవితంలోని అతి పెద్ద మలుపు ఎవరో అధికారి బల్లమీది కాగితంపై ముగిసింది. ఆ కాగితం మీద సంతకం పడనివారు కూడా ఆ శిబిరంలో అదే మట్టిలో ఆడుకున్నవారే.

మిగతా సగం ఎడ్మంటన్‌లో ఉంది. ఆ కుటుంబం మొదట విండ్సర్‌లో కొంతకాలం ఉండి, తరువాత ఆల్బర్టా రాష్ట్రంలోని ఎడ్మంటన్‌కు మారింది. కొత్త దేశంలో కుదురుకోవడానికి తల్లిదండ్రులు రాత్రీ పగలూ పనులకు వెళ్ళేవారు. తమ్ముడినీ చెల్లెలినీ చూసుకోవలసిన బాధ్యత ఇంట్లో పెద్దవాడైన డేవిస్ మీద పడింది. కెనడాలో పిల్లవాడిని ఫుట్‌బాల్ క్లబ్బులో చేర్చాలంటే రుసుము కట్టాలి, బూట్లు కొనాలి, సాయంత్రాలూ వారాంతాలూ కారులో దింపి మళ్ళీ తీసుకురావాలి. ఈ మూడింటిలో ఒక్కటి కూడా ఆ ఇంటికి అందుబాటులో లేదు. అటువంటి ఇళ్ళ పిల్లల కోసమే టిమ్ ఆడమ్స్ అనే ఆయన ఆ ఊరిలో ఫ్రీ ఫూటీ అనే కార్యక్రమాన్ని మొదలుపెట్టారు. బడి అయిపోయాక ఆట. రుసుము లేదు, బూట్లూ దుస్తులూ వారే ఇస్తారు, మైదానానికి వెళ్ళిరావడానికి బస్సు కూడా వారే పెడతారు. డేవిస్ ఆట మొదట పెద్దల కంటపడింది అక్కడే.

దయచేసి ఈ బస్సు దగ్గర కాస్త ఆగండి. డేవిస్ గురించి రాసేవారు అతడి వేగం గురించి పేజీలు నింపుతారు. నా మట్టుకు ఈ కథలో కీలకం ఆ బస్సే. ఆట ఉచితమని ప్రకటిస్తే సరిపోదు. అమ్మ రాత్రి పనికి వెళ్ళే ఇంట్లోని పిల్లవాడు మైదానం దాకా ఎలా వస్తాడు, తిరిగి ఇంటికి ఎలా చేరతాడు అని ముందే ఆలోచించిన మనిషి అక్కడ ఒకరున్నారు. మీరు కూడా సాయంత్రం ఆట ఆడించేటప్పుడు, ఆఖరి బస్సు దాటిపోతుందని గంట ముందే వెళ్ళిపోయే పిల్లలను చూసే ఉంటారు.

బడిలోని టీచర్లు అతడి ఆటను గమనించి ఊరిలోని శిక్షకులకు కబురు చేశారు. సెయింట్ నికొలస్ పాఠశాలలోని ఫుట్‌బాల్ అకాడమీని నడిపే మార్కో బోసియో, ఎడ్మంటన్ స్ట్రైకర్స్ జట్టు శిక్షకుడు నిక్ హోసే అతడిని చేరదీశారు. హోసే తరువాత అతడి ఏజెంటుగా కూడా వ్యవహరించారు. 2015లో, పద్నాలుగేళ్ళ వయసులో, రాకీ పర్వతాలకు అవతల ఉన్న వాంకూవర్ వైట్‌క్యాప్స్ క్లబ్బు శిక్షణాలయంలో చేరే అవకాశం వచ్చినప్పుడు తల్లి తటపటాయించారు. ఇన్ని ఊళ్ళూ దేశాలూ దాటి కాపాడుకున్న కొడుకును ఒంటరిగా పంపడానికి ఏ తల్లికి మనసొప్పుతుంది? చివరికి ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది జూలైలో, పదిహేనేళ్ళ ఎనిమిది నెలల వయసులో, అతడు అమెరికా, కెనడా క్లబ్బులు కలిసి ఆడే మేజర్ లీగ్ సాకర్‌లో మైదానంలోకి దిగాడు. ఆ లీగ్ చరిత్రలో అప్పటికి అతడికంటే చిన్న వయసులో ఆడినవాడు ఫ్రెడ్డీ అడూ ఒక్కడే.

కాబట్టి ఆ అమ్మాయికి ఇలా చెప్పండి: "ఉండే ఉంటారమ్మా. వాళ్ళకు కాగితం రాలేదు, బస్సు రాలేదు, కబురు చేసే టీచరు దొరకలేదు." డేవిస్ శ్రమను ఇది ఏమాత్రం తగ్గించదు. దారి దొరికాక పరుగెత్తింది అతడే. మన హైదరాబాదు నుంచి 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణానికి నడిపించిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు కూడా బడిపంతులుగా పనిచేసినవారేనని మీకు తెలిసే ఉంటుంది. పిల్లవాడి ఆటను మొదట చూసే కళ్ళు సాధారణంగా మీలాంటివారివే.

ప్రశ్న: డేవిస్ పుట్టింది ఘనాలో, తల్లిదండ్రులు లైబీరియా వారు, ఆడేది కెనడాకు. పుట్టిన దేశానికి ఎందుకు ఆడలేదు? శరణార్థి ఏ దేశం తరఫున ఆడాలన్నది ఎవరు నిర్ణయిస్తారు?
– న్యాయశాస్త్ర విద్యార్థిని, విజయవాడ

జవాబు: పుట్టిన చోటే మన దేశం అనుకోవడం సహజమే కానీ చట్టం అన్నిచోట్లా అలా లేదు. ఘనా 1992 రాజ్యాంగం ప్రకారం ఆ గడ్డమీద పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు. తల్లి, తండ్రి, తాత, అమ్మమ్మ, నాయనమ్మలలో ఎవరో ఒకరు ఘనా పౌరులై ఉండాలి. డేవిస్ కుటుంబంలోని వారందరూ లైబీరియా వారు. అందువల్ల తాను పుట్టిన దేశంలో అతడు మొదటి రోజు నుంచీ పరాయివాడే. కెనడా 2017 జూన్ 6న అతడికి పౌరసత్వం ఇచ్చింది. వారం తిరిగేసరికి, జూన్ 13న, కురాసావ్‌తో జరిగిన మ్యాచ్‌లో అతడు కెనడా జెర్సీ వేసుకున్నాడు. అప్పటికి పదహారేళ్ళు నిండి ఏడు నెలలు. ఆ దేశ పురుషుల జట్టుకు అంత చిన్న వయసులో అంతకుముందు ఎవరూ ఆడలేదు. మరుసటి నెలలో జరిగిన, ఉత్తర, మధ్య అమెరికా, కరీబియన్ దేశాల గోల్డ్ కప్ పోటీలలో మూడు గోల్స్ చేసి, అత్యధిక గోల్స్ చేసినవారి సరసన నిలిచాడు.

ఇక రెండో ప్రశ్న. ఆటగాడికి ఆ దేశపు శాశ్వత పౌరసత్వం ఉండాలన్నది అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా పెట్టుకున్న మొదటి షరతు. ఆటగాడు కానీ, తల్లిదండ్రులు, తాతలు, అవ్వలు కానీ అక్కడ పుట్టి ఉండకపోతే నివాసకాలాన్ని కూడా చూస్తారు. 2020కి ముందు ఈ లెక్క పద్దెనిమిదేళ్ళు నిండాక మొదలయ్యేది, అక్కడి నుంచి ఐదేళ్ళు ఉండాలి. డబ్బు ఆశచూపి పరాయి దేశాల ఆటగాళ్ళను తెచ్చుకునే సమాఖ్యలను అడ్డుకోవడానికి పెట్టిన నియమమిది. శరణార్థి పిల్లలకు మాత్రం గుదిబండ అయింది.

దానికి నాదియా నదీమ్ ఉదంతం మంచి ఉదాహరణ. ఆమె ఆఫ్ఘనిస్తాన్‌లోని హెరాత్‌లో పుట్టింది. సైనికాధికారి అయిన తండ్రిని తాలిబన్లు చంపేశాక, తల్లి ఐదుగురు ఆడపిల్లలను తీసుకుని పాకిస్తాన్ మీదుగా ఇటలీకి చేరి, అక్కడి నుంచి లారీలో దాక్కుని ప్రయాణించింది. ఇంగ్లండ్ చేరతామనుకున్నారు, లారీ దింపింది డెన్మార్క్‌లో. శరణార్థి కేంద్రం పక్క మైదానంలో అమ్మాయిలు ఫుట్‌బాల్ ఆడటం చూసి ఆమె ఆట నేర్చుకుంది. డెన్మార్క్ పౌరసత్వం వచ్చాక కూడా పై నియమం ఆమెను ఆపింది. డెన్మార్క్ సమాఖ్య వాదించిన తరువాత ఫిఫా మినహాయింపు ఇవ్వగా, 2009లో ఆమె జాతీయ జట్టుకు మొదటిసారి ఆడింది. క్లబ్బు ఆట ఆడుతూనే వైద్యవిద్య చదివి 2022లో డాక్టరు కూడా అయింది.

2020లో ఫిఫా ఈ నియమాన్ని సవరించింది. పదేళ్ళలోపు వయసులో వచ్చినవారికి మూడేళ్ళ నివాసం చాలు. పది నుంచి పద్దెనిమిది మధ్య వచ్చినవారైతే ఐదేళ్ళు ఉండాలి, అయితే ఆ వయసులో గడిపిన కాలాన్ని ఇప్పుడు లెక్కలోకి తీసుకుంటారు. క్లబ్బుల విషయంలోనూ ఇటువంటిదే ఒక వెసులుబాటు ఉంది. పద్దెనిమిదేళ్ళు నిండని ఆటగాడిని ఒక దేశం నుంచి మరో దేశానికి బదిలీ చేయకూడదన్నది నియమం. బయెర్న్ 2018 జూలైలోనే డేవిస్‌తో ఒప్పందం కుదుర్చుకున్నా, అతడి బదిలీ 2019 జనవరి దాకా ఆగింది అందుకే. అయితే ప్రాణభయంతో తల్లిదండ్రులు లేకుండా దేశం దాటిన పిల్లలకు ఈ నిషేధం నుంచి మినహాయింపు ఉంది. న్యాయశాస్త్రం చదువుతున్నారు కనుక ఆ నిబంధనను స్వయంగా చదవండి. ఫిఫా బదిలీ నిబంధనలలో 19వ అధికరణంలో కనిపిస్తుంది.

ప్రశ్న: నేను చాలా ఏళ్ళుగా యూరప్ ఫుట్‌బాల్ చూస్తున్నాను. డేవిస్ బలమంతా వేగమేనని మా మిత్రుడి వాదన. మీరేమంటారు?
– విశ్రాంత ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: వేగం ఉన్నమాట నిజమే. 2020 జూన్‌లో వెర్డర్ బ్రెమెన్ మీద ఆడుతూ గంటకు 36.51 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. జర్మన్ లీగ్‌లో అప్పటికి అదే రికార్డు. అయినా మీ మిత్రుడితో నేను ఏకీభవించను. డేవిస్ మ్యూనిక్‌కు వచ్చింది ఎడమవైపు దాడిచేసే వింగర్‌గా. 2019 శరత్తులో రక్షణ ఆటగాళ్ళు సూలె, లూకా హెర్నాండెజ్ గాయపడటంతో ఎడమవైపు రక్షణలో ఆడే అలాబాను మధ్యకు జరిపి, ఖాళీ అయిన లెఫ్ట్ బ్యాక్ చోటులో ఈ కుర్రవాడిని నిలబెట్టారు. అది అతడు పెరిగిన స్థానం కాదు. కొద్ది నెలలలోనే అక్కడ కుదురుకుని, ఆ ఏడాది జర్మన్ లీగ్, జర్మన్ కప్, యూరప్ క్లబ్బుల చాంపియన్స్ లీగ్ మూడూ గెలిచిన జట్టులో స్థిరపడ్డాడు. కెనడా పురుషుల జట్టుకు ఆడేవారిలో చాంపియన్స్ లీగ్ గెలిచిన మొదటివాడు అతడే. తనది కాని చోట నిలబడి, చుట్టూ చూసి, నేర్చుకోవడం అతడికి చిన్ననాటి నుంచి అలవాటైన పని అని నాకు అనిపిస్తుంది.

మీ మిత్రుడికి 2020 ఆగస్టు 14న లిస్బన్‌లో బార్సిలోనాతో జరిగిన మ్యాచ్‌లోని ఐదో గోల్ మళ్ళీ చూపించండి. కరోనా కాలం కనుక స్టేడియం ఖాళీ. ఎడమ గీత దగ్గర డేవిస్‌కు బంతి అందింది, ఎదురుగా బార్సిలోనా రక్షణ ఆటగాడు సెమెడో నిలబడ్డాడు. డేవిస్ ఒక్క క్షణం దాదాపు ఆగిపోయాడు. బంతి మీదుగా కాలు ఆడించి, భుజం ఒకవైపు వంచి, సెమెడో బరువు ఏ కాలి మీద పడుతుందో కనిపెట్టాడు. అది కనిపెట్టాకే పరుగు తీశాడు. గోల్ పక్క గీత వెంబడి, గోల్ ముందున్న పెనాల్టీ ప్రాంతంలోకి దూసుకుపోయి, తానే కొట్టే ప్రయత్నం చేయకుండా, వెనక నుంచి వస్తున్న సహచరుడు కిమిచ్‌కు నింపాదిగా బంతి అందించాడు. కిమిచ్ చేయవలసిందల్లా కాలు తగిలించడమే. ఆ గోల్ దాదాపు మొత్తం డేవిస్‌దేననీ, దానికి తాను సంబరం చేసుకోవడానికి సిగ్గనిపించిందనీ కిమిచ్ మ్యాచ్ తరువాత అన్నాడు. బయెర్న్ 8–2తో గెలిచిన ఆ రాత్రి జనానికి గుర్తున్నది పరుగే. నాకు మాత్రం ఆ పరుగుకు ముందున్న నిలకడ, చివర ఇచ్చిన పాస్ ఎక్కువగా గుర్తున్నాయి.

తరువాతి ఏళ్ళు అంత సాఫీగా సాగలేదు. కోవిడ్ తరువాత గుండె కండరంలో వాపు కనిపించడంతో 2022 ఆరంభంలో కొన్ని నెలలు ఆటకు దూరమయ్యాడు. 2025 మార్చిలో, బయెర్న్‌తో 2030 దాకా ఒప్పందం పొడిగించుకున్న కొద్ది వారాలకే, కెనడా తరఫున అమెరికాతో ఆడుతూ కుడి మోకాలిలోని కీలకమైన లిగమెంటు తెగింది. ఆటలో పరుగుకు ఇంత చోటున్న ఆటగాడికి అది ఎంత పెద్ద దెబ్బో మీకు వేరే చెప్పనక్కరలేదు.

ప్రశ్న: మేము పదేళ్ళుగా టొరంటోలో ఉంటున్నాం. 2022 ప్రపంచకప్‌లో కెనడా–క్రొయేషియా మ్యాచ్ మా అబ్బాయితో కలిసి చూశాను. డేవిస్ గోల్‌కు వాడు ఎగిరి గంతులు వేశాడు. తరువాత ప్రేక్షకులు మా గోల్‌కీపర్‌ను గేలిచేశారని చదివి బాధపడ్డాడు. అసలేం జరిగింది? శరణార్థులుగా వచ్చిన ఆటగాళ్ళు ఆ మైదానంలో ఇంకెవరైనా ఉన్నారా?
– ఒక గృహిణి, టొరంటో

జవాబు: అమ్మా, ఉన్నారు. అందుకే ఆ మ్యాచ్ నన్ను ఇప్పటికీ వదలడం లేదు.

కెనడా పురుషుల జట్టు 1986 తరువాత ప్రపంచకప్‌కు రావడం అదే మొదటిసారి. నవంబర్ 23న బెల్జియంతో జరిగిన తొలి మ్యాచ్‌లో డేవిస్ కొట్టిన పెనాల్టీని ఆ జట్టు గోల్‌కీపర్ కోర్త్వా ఆపాడు, జట్టు 1–0తో ఓడింది. నాలుగు రోజుల తరువాత క్రొయేషియాతో ఆట మొదలై రెండో నిమిషం నడుస్తుండగానే సహచరుడు బుకానన్ పంపిన బంతిని డేవిస్ తలతో గోల్‌లోకి కొట్టాడు. పురుషుల ప్రపంచకప్‌లో కెనడాకు అది మొట్టమొదటి గోల్. శిబిరంలో పుట్టిన బిడ్డ ఆ దేశానికి ఇచ్చిన గోల్ అది. చివరికి కెనడా 4–1తో ఓడిపోయింది.

మీరు అడిగిన గోల్‌కీపర్ మిలాన్ బోర్యాన్. అతడు పుట్టింది క్రొయేషియాలోని క్నిన్ పట్టణంలో, ఒక సెర్బ్ కుటుంబంలో. 1995 ఆగస్టులో క్రొయేషియా సైన్యం ఆ ప్రాంతాన్ని తిరిగి స్వాధీనం చేసుకున్నప్పుడు లక్షన్నర నుంచి రెండు లక్షల మంది సెర్బులు ఊళ్ళు విడిచిపోయారు. చాలామంది పిల్లాపాపలతో ట్రాక్టర్లెక్కి వెళ్ళారు. బోర్యాన్ కుటుంబం బెల్‌గ్రేడ్ చేరి, కొన్నేళ్ళకు కెనడా వచ్చింది. ఆ మ్యాచ్‌లో కొందరు క్రొయేషియా అభిమానులు ఒక ట్రాక్టర్ కంపెనీ జెండా మీద క్నిన్ పేరూ, 95 అనే అంకె రాసి, అతడి పారిపోవడాన్ని ఎగతాళి చేశారు. ఫిఫా దీనికి క్రొయేషియా సమాఖ్య మీద 50,000 స్విస్ ఫ్రాంకుల జరిమానా వేసింది. పసితనంలో ఇల్లు పోగొట్టుకున్న మనిషిని ఆ నష్టాన్ని చూపించే ఎగతాళి చేయడం క్రూరత్వం. దీనికి వేరే పేరు పెట్టడం నాకు ఇష్టం లేదు.

కానీ ఎదుటి జట్టును కూడా చూడాలి. క్రొయేషియా కెప్టెన్ లూకా మోడ్రిచ్ జాదర్ దగ్గరి పల్లెలో పెరిగాడు. 1991 డిసెంబరులో సెర్బ్ తిరుగుబాటుదారులు అతడి తాతను కాల్చి చంపారు. ఆయన పేరు కూడా లూకాయే. ఇంటిని తగలబెట్టారు. తండ్రి సైన్యంలో చేరాడు. కుటుంబం జాదర్ పట్టణంలో నిరాశ్రయుల కోసం కేటాయించిన హోటళ్ళలో ఏళ్ళ తరబడి తలదాచుకుంది. ఆ హోటల్ వాహనాలు నిలిపే స్థలంలోనే అతడు బంతి ఆడటం నేర్చాడు. అదే జట్టులోని డేయన్ లొవ్రెన్ కుటుంబం బోస్నియా యుద్ధం నుంచి పారిపోయి మ్యూనిక్ చేరింది. ఏడేళ్ళు గడిచినా శాశ్వత నివాసానికి కాగితాలు దొరకక జర్మనీ విడిచి వెళ్ళవలసి వచ్చింది. డేవిస్‌కు వచ్చిన కాగితం లొవ్రెన్‌కు రాలేదు. ఆ ఊరేమో డేవిస్ ఇప్పుడు ఆడుతున్న మ్యూనిక్.

క్నిన్‌కూ జాదర్‌కూ మధ్య దూరం సుమారు వంద కిలోమీటర్లు. ఇల్లు కాలినప్పుడు మోడ్రిచ్‌కు ఆరేళ్ళు, ఊరు విడిచినప్పుడు బోర్యాన్‌కు ఏడేళ్ళు. ఒకే యుద్ధం, రెండు పక్షాలు, ఇద్దరు పసివాళ్ళు. మీ అబ్బాయికి బోర్యాన్ కథ చెప్పినరోజే మోడ్రిచ్ తాత కథ కూడా చెప్పండి. ఒకటి చెప్పి రెండోది దాచితే వాడు ఏదో ఒక పక్షం మీద కోపం పెంచుకుంటాడు. ఆ తరువాత వీలైతే ఆ మ్యాచ్‌ను ఇద్దరూ మళ్ళీ మొదటి నుంచి చూడండి. కిక్కాఫ్ ముందు జట్లు వరుసగా నిలబడినప్పుడు, వీరు నలుగురూ ఎక్కడున్నారో వాడినే వెతికి చూపించమనండి.